‘రైతు’ అనే మాట నడిచివచ్చిన దారి

 



తొలకరి దగ్గరపడింది. భూమి గలవారు కౌలుకు ఇచ్చే రోజులివి, భూమి లేనివారు కౌలుకు పుచ్చుకునే రోజులివి. ఈ రెండు పక్షాలవారూ మన మసీదులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడుతున్నారు. అందుచేత ఈ వారం ప్రసంగానికి మనమందరం దినమూ పలికే ఒక మాటను ఎంచుకున్నాము. ఆ మాట ‘రైతు’.

ఇంతకంటే అచ్చమైన తెలుగు మాట వేరొకటి ఉండదని చాలామంది అనుకుంటారు. నాగలి, దుక్కి, వాన అనే మాటల సరసన అది అంత సహజంగా కూర్చున్నది. వాస్తవానికి అది అరబీ నుండి బయలుదేరి, పారసీకం గుండా నడిచి, దక్కను దేశపు కచేరీల ద్వారా మన పొలాల్లోకి వచ్చిన మాట. అరబీలో దాని రూపం ‘రఇయ్యత్’. మధ్యనున్న ‘ఐన్’ అక్షరాన్ని పలికే అలవాటు మన దేశపు నాలుకలకు లేదు. అది జారిపోగా ‘రయ్యత్’ అయింది, తెలుగువారు చివర ఉకారం చేర్చుకొని ‘రైతు’ చేసుకున్నారు.

రఇయ్యత్ అంటే మూలార్థంలో మంద, మేత మేసే పశువుల గుంపు. ‘రా, ఐన్, యా’ అనే మూడక్షరాల ధాతువు నుండి అది పుట్టింది. ఆ ధాతువుకు మేపుట, కాచుట, కనిపెట్టి ఉండుట అని అర్థాలు. దాని నుండి మూడు మాటలు ముఖ్యంగా పుట్టాయి. కాచేవాడు ‘రాఈ’, కాచబడేది ‘రఇయ్యత్’, కాచే పని ‘రిఆయత్’. ఈ మూడింటినీ గుర్తు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాము. నేటి ప్రసంగమంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ఈ ధాతువు అరబీకి మాత్రమే చెందినది కాదు. హీబ్రూలో కాపరిని ‘రోఎ’ అంటారు. ప్రాచీన బాబిలోనియా వారి అక్కదీ భాషలో ‘రేఊ’ అన్నారు. క్రీస్తుకు పూర్వం పద్దెనిమిదవ శతాబ్దంలో రాతిపై చట్టాలు చెక్కించిన హమ్మురాబీ రాజు, ఆ శాసనపు పీఠికలోనే తనను తాను కాపరిగా చెప్పుకున్నాడు. రాజును కాపరితోనూ ప్రజను మందతోనూ పోల్చడం ఆ నేలలలో అంత పాతది. అయితే రాజులు ఆ బిరుదును గొప్ప కోసం పెట్టుకున్నారు. దానిని జవాబుదారీతనంగా మార్చిన బోధ తరువాత వచ్చింది, దానిని చెప్పబోతున్నాము.

దివ్య ఖుర్ఆన్‌లో ఈ ధాతువు పలు చోట్ల కనిపిస్తుంది. పశువుల మేతను గురించి చెప్పే ఆయతులలో ఉన్నది. మూసా (అలై) మద్యన్ బావి వద్దకు చేరినప్పుడు, అక్కడి కాపరులు తమ మందలకు నీళ్లు పెట్టుకొని వెళ్లేదాకా ఇద్దరు ఆడపిల్లలు తమ గొర్రెలను ఆపుకొని దూరంగా నిలబడి ఉన్న సంగతి సూరా ఖసస్‌లో మనం చదువుతాము. అక్కడ కాపరులకు వాడిన మాట ‘రిఆ’, అంటే రాఈకి బహువచనం. బలమున్న కాపరులు ముందు, బలం లేనివారు వెనుక అనే ఆ బావి గట్టు న్యాయాన్ని మూసా (అలై) అంగీకరించలేదు. ముందుకు వెళ్లి ఆ పిల్లల మందకు నీళ్లు పెట్టారు. ఇక సూరా మూమినూన్ ఆరంభంలో, సాఫల్యం పొందే విశ్వాసుల గుణాలను చెబుతూ, తమకు అప్పగించిన అమానతులనూ తాము చేసిన ఒప్పందాలనూ కనిపెట్టుకొని ఉండేవారని వర్ణించే చోట ఇదే ధాతువు వచ్చింది. గొర్రెను కాచినట్లే ఒప్పందాన్ని కూడా కాయాలన్నమాట. ఒప్పందం కూడా నోరులేని జీవమే. కాచేవాడు కన్ను మూస్తే దారి తప్పుతుంది.

దైవప్రవక్త (స) మేకలను, గొర్రెలను కాచారు. ప్రవక్తలందరూ కాచినవారేనని, తాను కూడా కొద్దిపాటి ఖీరాతుల కూలికి మక్కావాసుల మందను కాచానని వారు తెలియజేసిన విషయం సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా నమోదైంది. ఆ మంద వారి సొంతం కాదు, మక్కావాసులది. సాయంత్రం లెక్క అప్పజెప్పవలసిన కూలి కాపరిగా వారు ఆ పని చేశారు. దీనిని మనసులో ఉంచుకొని, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ వచ్చిన ఆ ప్రసిద్ధ హదీసును తలచుకోండి. ప్రతి ఒక్కరూ ఒక కాపరి అని, ప్రతి ఒక్కరినీ వారి మందను గురించి ప్రశ్నించడం జరుగుతుందని అందులో బోధించారు. పాలకుడు తన ప్రజల విషయంలో, పురుషుడు తన ఇంటివారి విషయంలో, స్త్రీ తన గృహం, పిల్లల విషయంలో, సేవకుడు తన యజమాని సొత్తు విషయంలో జవాబు చెప్పుకోవాలి.

ప్రజలను మందతో పోల్చడం వారిని తక్కువ చేయడం కాదా అని మన యువకులు కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. అడగదగిన ప్రశ్నే. హమ్మురాబీ మాట విన్నప్పుడు ఆ శంక సహజంగా కలుగుతుంది. కానీ ఈ హదీసులో సేవకుడు కూడా కాపరే. కాపరి కాని మనిషి అందులో ఒక్కడూ లేడు. మందకు యజమాని అల్లాహ్ ఒక్కడే. పాలకుడు కూడా కూలి కాపరే. తీర్పు దినాన మొదట విచారణకు పిలిచేది కాపరిని, గొర్రెను కాదు.

ఈ బోధను భూమి పన్ను లెక్కలలోకి దించినవారు హజ్రత్ ఉమర్ (రజి). ఇరాక్‌లోని సారవంతమైన సవాద్ నేలలు ఇస్లామీ రాజ్యంలో కలిసినప్పుడు, ఆ భూములను యోధులకు పంచాలని కొందరు గట్టిగా కోరారు. ఉమర్ (రజి) అందుకు ఒప్పుకోలేదు. దున్నేవారి చేతుల్లోనే వాటిని ఉంచి, ఖరాజ్ విధించారు. ఆ దున్నేవారు అప్పటికి ముస్లింలు కారని గమనించాలి. భూమిని కొలిచి పన్ను నిర్ణయించే పనిని హజ్రత్ ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి), హజ్రత్ హుజైఫా (రజి) గార్లకు అప్పగించారు. హిజ్రీ 23లో, అంటే క్రీ.శ. 644లో, తాము షహీద్ కావడానికి కొద్ది రోజుల ముందు మదీనాలో ఉమర్ (రజి) ఆ ఇద్దరినీ నిలబెట్టి, భూమి మోయలేనంత భారాన్ని దానిపై మోపారేమోనని తమ భయాన్ని బయటపెట్టారు. మోయగలిగినంతే మోపామని వారన్నారు. అయినా మరొకసారి చూసుకోండని ఖలీఫా హెచ్చరించారు. నాలుగు రోజులు గడిచేసరికి వారిపై కత్తి పడింది. ఈ సంఘటన బుఖారీలో ఉన్నది. అంతటి సామ్రాజ్యాధినేత తన చివరి దినాలలో ఎక్కడో దూరాన ఉన్న ఇరాకీ సేద్యగాడి శిస్తును గురించి కలత చెందడం మామూలు విషయం కాదు.

తరువాతి కాలంలో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ), ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై ‘కితాబుల్ ఖరాజ్’ రచించారు. భూమి పన్నుల గ్రంథమది. పన్నుల రేట్ల కంటే ముందు వారు ఖలీఫాకు గుర్తు చేసినది, కాపరి తన యజమానికి లెక్క చెప్పినట్లు పాలకులు తమ ప్రభువుకు లెక్క చెప్పవలసి ఉన్నదనే విషయాన్ని. మదరసాలో ఆ పీఠిక చదివినప్పుడు మాకు అది ఉపదేశంగా మాత్రమే తోచింది. పల్లె మసీదులకు వచ్చి ఇన్నేళ్లు ప్రజల తగవులు విన్న తరువాత అది రెవెన్యూ పాఠమని కూడా అర్థమవుతున్నది.

ఇక్కడి నుండి మాట ప్రయాణం మొదలైంది. వెళ్లిన ప్రతి దేశంలో అది వేరు వేరు బట్టలు కట్టింది. మలయ్ భాషలో ‘రక్యత్’ అంటే ప్రజ. మలేషియా పార్లమెంటు దిగువ సభ పేరు దేవాన్ రక్యత్, ఇండోనేషియా ప్రజాప్రతినిధుల సభ పేరులోనూ ఇదే మాట ఉన్నది. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలో ‘రాయియా’ అంటే పౌరుడు. ఉస్మానియా తుర్కుల రాజ్యంలో ‘రఆయా’ అంటే పన్ను కట్టే జనం, పన్ను కట్టనవసరం లేని సైనికాధికార వర్గానికి ఎదురుగా నిలిచిన వర్గం. కాలక్రమేణా అక్కడ అది ముస్లిమేతర ప్రజలకు ఎక్కువగా వాడే మాటగా మారింది. బాల్కన్ దేశాలవారికి అది చేదుగా వినిపించడానికి కారణమదే. విచిత్రమేమిటంటే, అదే బాల్కన్ ప్రాంతంలో, బోస్నియాలోని సరాయెవో నగరంలో ‘రాయా’ అంటే ఇప్పుడు స్నేహితుల బృందం. పన్ను భారం కలిసి మోసినవారు స్నేహితులయ్యారని మేము సరదాగా అనుకుంటాము. దీనిని చరిత్రగా స్వీకరించకండి.

పారసీకంలో ‘రఅయ్యత్’ మొదట పాలితులందరికీ చెల్లింది. సల్జూకుల వజీరు నిజాముల్ ముల్క్ పదకొండవ శతాబ్దంలో రాసిన ‘సియాసత్‌నామా’లో, జాగీరు పొందినవారికి న్యాయమైన పన్ను వసూలు చేసుకోవడం తప్ప ప్రజల ప్రాణం, సొత్తు, కుటుంబాలపై ఏ హక్కూ లేదని స్పష్టం చేశాడు. క్రమంగా ఈ మాట అర్థం సన్నగిల్లి, దున్నేవాడి దగ్గర ఆగింది. కారణం ఊహించడం కష్టం కాదు. రాజ్యపు రాబడిలో పెద్ద భాగం భూమి నుండే వస్తున్నప్పుడు, కచేరీ లెక్కల పుస్తకంలో కనబడే ‘ప్రజ’ సేద్యగాడే అవుతాడు. మరాఠీలో ‘రయత్’ నేటికీ ప్రజలను సూచిస్తుంది. కన్నడంలో, తెలుగులో అది సేద్యగాడిగా స్థిరపడింది. ఉర్దూలో ‘రిఆయా’ అంటే ప్రజలే. అందుకే ఒకే మింబర్ మీద నుండి ఉర్దూలో ‘రిఆయా’ అన్నప్పుడు మన పెద్దల కళ్ల ముందు దేశం మెదులుతుంది, తెలుగులో ‘రైతు’ అన్నప్పుడు మన పిల్లల కళ్ల ముందు పొలం మెదులుతుంది. రెండు మాటలూ ఒక్కటేనని ఎవరికీ తోచదు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో పారసీకం, తెలుగు రెండు భాషల్లోనూ ఫర్మానాలు వెలువడేవి. పైన పారసీకం రాసే మున్షీ, కింద తెలుగు రాసే కరణం పక్కపక్కన కూర్చున్న కాలమది. జిల్లా, తాలూకా, వసూలు, బాకీ, జమాబందీ, ఖరీఫ్, రబీ మొదలైన మాటలు ఇటువంటి కచేరీల నుండే పల్లెకు చేరాయి. అన్య భాషల నుండి తెలుగులో కలిసిన మాటలు ఎన్ని ఉండేవంటే, వాటి కోసమే బ్రౌన్ దొర 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువు ప్రకటించవలసి వచ్చింది.

ఈ మాటలు రాక మునుపు తెలుగులో సేద్యగాడిని ఏమనేవారు? కర్షకుడు, హాలికుడు అనేవి సంస్కృతం. అచ్చ తెలుగులో ఉన్న మాట ‘కాపు’. నేడది ఒక కులం పేరుగా వినిపిస్తున్నది గాని, దాని పాత అర్థాలు కావలి, రక్షణ, ఊరిలో కాపురమున్నవాడు, సేద్యం చేసేవాడు. ‘కాచు’ అనే క్రియ నుండి అది పుట్టింది. గొర్రెల కాపరి అన్నప్పటి ‘కాపరి’ కూడా ఆ క్రియకు పుట్టిన బిడ్డే. సోదరులారా, ఈ చోట మేము చాలాసేపు ఆగిపోయాము. వేల మైళ్ల దూరాన, ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు పొలం మనిషికి పేరు పెట్టేటప్పుడు కాచుట అనే ఒకే పనిని తలచుకున్నాయి. తేడా ఎక్కడంటే, అరబీ మాటలో రైతు కాచబడేవాడు. తెలుగు మాటలో అతడు కాచేవాడు. పంటను, పశువును, ఊరిని కనిపెట్టుకొని ఉండేవాడు. మా దృష్టిలో రెండూ నిజమే. అతడు మన అన్నాన్ని కాస్తున్నాడు, కనుక అతణ్ణి కాయడం మన మీద పడింది.

ఇప్పుడు మూడు మాటలలో రెండవదానికి వద్దాము. ‘రిఆయత్’ కూడా తెలుగులోకి వచ్చింది. దాని తెలుగు రూపం ‘రాయితీ’. విత్తనాలపై రాయితీ, ఎరువులపై రాయితీ, బస్సు చార్జీలో రాయితీ. రైతు, రాయితీ ఒకే ఇంటి మాటలని వార్తాపత్రికలో ఆ రెండింటినీ ఒకే వాక్యంలో రాసేవారికి కూడా బహుశా తట్టదు. అయితే దారిలో దీని అర్థం బాగా మారింది. సూరా హదీద్ ఇరవై ఏడవ ఆయతులో ఈ మాట యథాతథంగా ఉన్నది. కొందరు తమపై తామే ఒక నియమం విధించుకొని, దానిని పాటించవలసిన రీతిలో పాటించలేదని అల్లాహ్ అక్కడ ఆక్షేపించాడు. అంటే రిఆయత్ ఒక విధి, పూర్తిగా నెరవేర్చవలసిన హక్కు. ఉర్దూలో అది లిహాజ్‌గా, మొహమాటంగా మారి, తగ్గింపు ధరగా మారి, తెలుగుకు వచ్చేసరికి పైనున్నవాడు కిందివాడికి చేసే దయగా నిలిచింది. రాయితీ ఇచ్చేవాడు ఫొటో దిగుతాడు, పుచ్చుకునేవాడు తల వంచుతాడు. ధాతువులో ఈ తల వంపు లేదు.

మూడవ మాట ‘రాఈ’. కాచేవాడు. అది మాత్రం తెలుగులోకి రాలేదు. మంద వచ్చింది, మేత వచ్చింది, ప్రశ్నించబడే కాపరి సరిహద్దు దగ్గరే ఆగిపోయాడు. భాషలో ఇది యాదృచ్ఛికం కావచ్చు. కచేరీలకు కాపరి మాటతో పని లేదు, పన్ను కట్టేవాడి పేరుంటే చాలు. కానీ ఫలితం మన కళ్ల ముందున్నది.

ఆంగ్లేయుల పాలన వచ్చినప్పుడు ఈ మాట మరొక మలుపు తిరిగింది. 1800లో నిజాం కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలలోని దత్తమండలాలను కుంపెనీకి అప్పగించాడు. అక్కడ 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, జమీందారును మధ్యన పెట్టకుండా సేద్యగాడితో నేరుగా శిస్తు ఖరారు చేసే పద్ధతిని బలపరిచాడు. దాని పేరే రైతువారీ. ఉత్తర సర్కారులలో అదే కాలంలో, 1802 నుండి, జమీందార్లతో శాశ్వత ఒప్పందాలు జరిగాయి. మన్రోను రాయలసీమ వృద్ధులు నేటికీ ఆదరంతో తలుస్తారు, మేము కాదనము. కానీ రైతువారీలో ‘రైతు’ అంటే పట్టా ఎవరి పేర ఉన్నదో అతడు. దున్నేవాడు వేరే ఉంటే కచేరీ పుస్తకంలో అతడికి పేరు లేదు. మొదట ప్రజలందరికీ చెల్లిన మాట, తరువాత దున్నేవాడికి చెల్లి, చివరకు కాగితం ఉన్నవాడి దగ్గర నిలిచిపోయింది.

కాగితం లేనివాడికి మరొక అరబీ మాట దొరికింది, ‘కౌలు’. అరబీ ‘ఖౌల్’ అంటే పలుకు, ఇచ్చిన మాట. దక్కనులో పాలకులు సేద్యగాళ్లకూ వర్తకులకూ అభయంగా రాసి ఇచ్చే పత్రాన్ని కౌలు అనేవారు. కౌలునామా అనే మాట అక్కడిదే. నేడు మన పల్లెల్లో ఎక్కువ కౌళ్లు నోటిమాట మీదనే నడుస్తున్నాయి. ఆ విధంగా చూస్తే మాట తన పుట్టింటికి చేరినట్లే, కానీ సాక్షి లేకుండా చేరింది. హైదరాబాదు రాజ్యంలో 1950 నాటి కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’ అనే హోదా ఏర్పరచింది. రక్షితుడు అంటే కాచబడినవాడు, అచ్చంగా రఇయ్యత్ అనే మాటకు అనువాదం. 2018లో తెలంగాణలో రైతు బంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకాలానికి 4,000 రూపాయల చొప్పున పట్టాదారుకు అందాయి. కౌలుదారుకు అందలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు కార్డు ఇస్తామన్నది, అయితే భూయజమాని సంతకం కావాలన్నది. ఆ సంతకం పెట్టడానికి వెనుకాడినవారు అన్ని సమాజాలలోనూ ఉన్నారు, మనలోనూ ఉన్నారు. భూమి చేయిజారుతుందనే భయం వారిది. ఆ భయాన్ని మేము ఎగతాళి చేయము. కానీ సంతకం లేనందువల్ల బ్యాంకు తలుపు మూసుకుపోయి, వడ్డీ వ్యాపారి తలుపు తట్టవలసి వచ్చేది కౌలుదారుకే. వడ్డీ హరామని అతడికి మనమే బోధిస్తాము, ఆ తలుపు వైపు అతణ్ణి నెట్టేది కూడా మనమే అయితే ఏమని జవాబు చెబుతాము?

ప్రభుత్వాలను కాపరులని పిలిచి వాటి మీద భారమంతా వేయడం సులభం. హదీసు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. రెండెకరాలు కౌలుకు ఇచ్చినవాడు కూడా ఆ రెండెకరాల మేరకు కాపరే.

పోయిన ఏడు పంట దెబ్బతిన్న తరువాత భూయజమానులు కొందరు మమ్మల్ని అడిగిన మసాయిల్‌కు ఇక్కడే సమాధానం చెబుతున్నాము. పంట పోయిన కౌలుదారు బాకీ పడితే ఏం చేయాలి? ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తుడికి కలిగేదాకా గడువు ఇవ్వాలని, విడిచిపెడితే అది మరింత మేలని సూరా బఖరా రెండువందల ఎనభయ్యవ ఆయతు బోధిస్తున్నది. గడువు అతడి హక్కు. మీ దయ గడువు దాటిన తరువాత మొదలవుతుంది. అమ్మిన పండ్లకు విపత్తు తగిలితే కొన్నవాడి నుండి సొమ్ము తీసుకోరాదని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఇమామ్ మాలిక్ (రహ్మ) దానిని తప్పనిసరి ఆజ్ఞగా తీసుకున్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) వద్ద అది ప్రోత్సాహం. అది పండ్ల అమ్మకం విషయం, కౌలు విషయం కాదు. అయినా ప్రవక్త (స) మనసు ఎటు మొగ్గిందో అందులో తెలుస్తున్నది.

రెండవ మస్అలా. మాఫీ చేసిన కౌలును జకాత్ లెక్కలో వేసుకోవచ్చా? హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం వేసుకోకూడదు. బాకీ కొట్టివేయడం వల్ల మీ వద్ద ఉన్న ధనంపై జకాత్ తీరదు, పేదవాడి చేతికి సొమ్ము అందాలి. అతడు జకాత్‌కు అర్హుడైతే సొమ్ము అతడి చేతికే ఇవ్వండి. ఆ తరువాత దానితో మీ బాకీ తీర్చితే పుచ్చుకోవచ్చు.

ఇక కౌలు మాట రాతలో ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం. గడువు గల అప్పును రాసుకోవాలని అదే సూరా ఆదేశిస్తున్నది, న్యాయంగా రాసేవాడు రాయాలని కూడా అంటున్నది. ఈ మాసమంతా శుక్రవారం అస్ర్ నమాజు తరువాత మసీదు వరండాలో కూర్చుంటాము. కౌలు కుదుర్చుకున్న ఇద్దరూ కలిసి వస్తే ఉర్దూలోనైనా తెలుగులోనైనా కౌలునామా రాసిపెడతాము. కౌలుదారు మన మతంవాడు కాకపోయినా నిస్సంకోచంగా తీసుకురండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట దెబ్బతింటే ఏం చేయాలనే షరతు ముందే మాట్లాడుకొని రండి. సాక్షులిద్దరిని వెంట తెచ్చుకోండి.